నొప్పి నడుములో, జబ్బు మెడలో

మా బాబాయి కాలికి చెప్పు లేదన్న సంగతి మొదట చూసింది మా పిన్ని. కూరగాయల సంచీతో బజారు నుంచి వచ్చాడు, గుమ్మం దగ్గర ఒక్క చెప్పే విడిచాడు. "రెండోదేదీ?" అంటే కిందికి చూసుకుని తెల్లమొహం వేశాడు. అది వీధి మలుపులో పడి ఉంది. అక్కడి నుంచి ఇంటిదాకా ఒంటి చెప్పుతో నడిచొచ్చాడు. ఆయనకు తెలియనే లేదు.

అరవై ఆరేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాడు కాబట్టి నడుము నొప్పి పాత చుట్టమే. ఈమధ్య కాళ్లు బరువెక్కుతున్నాయంటే నడుముకు ఎమ్మారై తీయించారు. ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర డిస్క్ బల్జ్, డెసికేషన్, డీజెనరేటివ్ మార్పులు అని రిపోర్టు వచ్చింది. ఒక ఆసుపత్రిలో నడుము ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చేశారు. ఆ కాగితం ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడిన దగ్గర్నుంచి అందరికీ ఒకటే టెన్షన్. "డిస్కులు అరిగిపోయాయట" అని ఒకరు, "ఆపరేషన్ చేస్తే మంచాన పడతారట" అని ఒకరు.

ఎందుకైనా మంచిదని ఇంకో డాక్టరుకు చూపించాం. నరాల డాక్టరు, పెద్దాయన. ఫిల్ము కవరు పక్కన పెట్టించి బాబాయిని నడవమన్నాడు. చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెట్టుకోమన్నాడు. అరచెయ్యి గబగబా మూసి తెరవమని గడియారం చూశాడు. పది సెకన్లలో ఇరవై సార్లయినా రావాలట, బాబాయికి పదకొండు వచ్చాయి. చివరికి మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టాడు. కాలు ఎవరో తన్నినట్టు ఎగిరింది.

"నడుము సంగతి తర్వాత. ముందు మెడ తీయించుకు రండి" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. చెప్పు జారింది కాలికి, నొప్పి నడుములో, రిపోర్టు కూడా నడుమే అంటోంది. మెడ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ జవాబు కోసం వెన్నెముక కట్టుబడి చూసుకుంటూ పోతే, మనకు బాగా తెలుసనుకున్న మాటలు చాలా తప్పని తేలింది.

పూసలు, వాటి మధ్య ముంజెలు

వెన్నెముక అంటాం గానీ అది ఒక ఎముక కాదు, పూసల దండ. పుట్టినప్పుడు 33 పూసలు. పెరిగేకొద్దీ అడుగున ఐదు కలిసి త్రికాస్థిగా, చివరి నాలుగు కలిసి తోక ఎముకగా అతుక్కుపోతాయి. పైన విడివిడిగా కదిలేవి 24: మెడలో 7, వీపులో 12, నడుములో 5. (జిరాఫీ మెడలోనూ ఏడే పూసలు, ఒక్కోటీ బారెడు పొడవు కాదు గానీ జానెడుకు తగ్గనంత పెద్దవి.) మెడవాటిని సి, వీపువాటిని టి, నడుమువాటిని ఎల్, త్రికాస్థిని ఎస్ అని పిలిచి పైనుంచి నంబర్లు వేస్తారు. ఎల్4 అంటే నడుములో నాలుగో పూస, అంతే. రిపోర్టులో సగం భయం ఈ ఇంటి నంబర్లను చూసే.

ప్రతి పూసకూ ముందువైపు బరువు మోసే డోలు లాంటి భాగం, వెనకవైపు ఒక ఎముక కమాను ఉంటాయి. కమానులు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడంతో లోపల సొరంగం ఏర్పడుతుంది. మెదడు నుంచి కిందికి దిగే నరాల తీగ, అదే వెన్నుపాము, ఆ సొరంగంలో ఉంటుంది. వీపు నిమిరితే చేతికి తగిలే బుడిపెలు ఈ కమానుల వెనక కొసలే.

మొదటి రెండు పూసల తీరే వేరు. మొదటిదానికి డోలు లేదు, ఉత్త ఉంగరం. తలను మోస్తుంది కాబట్టి ఆకాశం మోసే గ్రీకు దేవుడి పేరు మీద అట్లాస్ అన్నారు. రెండోదాని మీద నిటారుగా ఒక మేకు ఉంటుంది. తిరగలి మధ్య గుంజ చుట్టూ పైరాయి తిరిగినట్టు, ఆ మేకు చుట్టూ ఉంగరం తిరుగుతుంది. "వద్దు" అని తల అడ్డంగా ఊపినప్పుడు సగం తిరుగుడు ఈ ఒక్క చోటే జరుగుతుంది.

పూసకూ పూసకూ మధ్య ఉండేది డిస్కు. మొత్తం 23. పై రెండు కీళ్లలో ఉండవు. తాటిముంజె తెలిసినవాళ్లకు డిస్కు గురించి వేరే చెప్పక్కర్లేదు: బయట గట్టి పొరలు, లోపల నీరు నిండిన జిగురు. పొరల్లో నారలు ఒకదానికొకటి అడ్డంగా, చాప అల్లినట్టు ఉంటాయి. పడుచు వయసులో లోపలి గుజ్జులో సుమారు 80 శాతం నీళ్లే. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. పైనా కిందా ఉన్న పూసల నుంచి ఊరే తేమే దానికి ఆహారం. పగలంతా బరువుకు నలిగి నీరు కోల్పోతుంది, రాత్రి పడుకున్నాక మళ్లీ పీల్చుకుంటుంది. అందుకే పొద్దున లేచినప్పుడు మనం రాత్రికన్నా ఒక సెంటీమీటరు, అంతకు కాస్త ఎక్కువ కూడా పొడుగుంటాం. నమ్మకం లేకపోతే గోడ మీద గీత గీసి చూసుకోవచ్చు.

వయసుతో ఈ తేమ తగ్గుతుంది. రిపోర్టులో డెసికేషన్ అన్న మాటకు అర్థం ఎండడం, అంతే. దాన్ని జబ్బు పేరుగా చదువుకుని నిద్ర మానుకునేవాళ్లున్నారు.

"డిస్కు జారింది" అంటే

డిస్కు జారదు. పైనా కిందా పూసలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, సబ్బుముక్కలా జారడానికి వీల్లేదు. జరిగేది వేరే. గాలి తగ్గిన టైరులా చుట్టూ ఉబ్బితే బల్జ్. ఒకచోట బయటికి పొడుచుకొస్తే ప్రొట్రూజన్. పొరలు చిరిగి గుజ్జు బయటికొస్తే ఎక్స్‌ట్రూజన్. బయటికొచ్చిన ముక్క తెగి విడిపోతే సీక్వెస్ట్రేషన్. చదవడానికి ఇవి వరసగా భయం పెరిగే మెట్లలా ఉన్నాయి కదా. అసలు విషయం కొంచెం తలకిందులు.

2015లో వచ్చిన ఒక సమీక్షలో, ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్ను ఫిల్ముల లెక్కలు తీశారు. ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతానికి. బల్జ్ ఇరవై ఏళ్ల వాళ్లలో 30 శాతానికి ఉంటే, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతానికి ఉంది. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు, గుర్తుంచుకోవాలి. ఫిల్ములో బల్జ్ కనిపించడం చాలాసార్లు జుట్టు నెరిసినట్టే.

అదే ఏడాది వచ్చిన ఇంకో సమీక్ష మరీ ఆశ్చర్యం. ఆపరేషన్ లేకుండా డిస్కు దానంతటదే వెనక్కి తగ్గడం తెగిపడిన ముక్కల విషయంలో 96 శాతం, పొరలు చించుకుని వచ్చినవాటిలో 70 శాతం. ఉత్త బల్జులో 13 శాతమే! ఎంత పెద్దగా బయటపడితే అంత బాగా కరుగుతోంది. పుట్టినప్పటి నుంచీ పొరల చాటున ఉన్న ఆ గుజ్జును రక్తం ఎప్పుడూ చూసి ఎరగదు. బయటపడగానే మన ఒంట్లోని రక్షణ కణాలు పరాయిదనుకుని తినేస్తాయి.

నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత మూడుసార్లు తన్నించుకోవడం మన ఊళ్లలో పాత పద్ధతి. మా ఊళ్లో ఆ పని చేసే ఆవిడ దగ్గరికి ఆదివారం పూట మనుషులు వచ్చేవాళ్లు. తగ్గేది కూడా. ఎందుకంటే అలా పట్టేసిన నడుము, తన్నినా తన్నకపోయినా, చాలామందికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గుతుంది. పేరు ఆమెకు వచ్చింది. ఇప్పుడు ఆ పేరు బెల్టులకూ ఇంజెక్షన్లకూ వస్తోంది. మంచం పట్టి పడుకోవడం కన్నా, నొప్పి ఓర్చుకోగలిగినంతలో తిరగడమే మేలని ఇప్పుడు డాక్టర్లు చెప్పేది. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లను మాత్రం దయచేసి ఎవరూ తన్నొద్దు. ఆ సంగతి కిందకి వస్తుంది.

తీగ ఎక్కడ ఆగుతుంది

నా ఉద్దేశంలో, ఎముకా డిస్కూ ఎంత అరిగాయన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: నరం నొక్కుకుందా, నొక్కుకుంటే ఎక్కడ?

వెన్నుపాము చిటికెన వేలంత లావు. పిండంగా ఉన్నప్పుడు సొరంగం చివరిదాకా ఉంటుంది. తర్వాత ఎముక వేగంగా పెరుగుతుంది, పాము అంత పెరగదు. అందుకని పెద్దవాళ్లలో అది ఎల్1, ఎల్2 దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాల వేర్లు మాత్రమే గుత్తిగా వేలాడుతూ ఉంటాయి. గుర్రపు తోక అంటారు దాన్ని. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చేది ఈ తోక దగ్గరే, ఎల్3-ఎల్4 మధ్య. అక్కడ పాము లేదు, వేర్లు నీళ్లలో తేలుతూ సూదికి పక్కకు తప్పుకుంటాయి. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు గానీ, "ఆ ఇంజెక్షన్ వల్లే పదేళ్లుగా నడుము నొప్పి" అన్న మాటకు ఆధారం దొరకలేదు. బిడ్డను వంగి ఎత్తుకోవడం, నిద్ర లేకపోవడం, కడుపు కండరాలు వదులవడం లాంటి కారణాలు ఉండగా నింద సూది మీద పడింది.

ఇప్పుడు సుత్తి సంగతి. మోకాలి కింద తడితే కాలు కదలడం నరం పని. ఆ కదలికను మెదడు పైనుంచి కొద్దిగా బ్రేకు పట్టి ఉంచుతుంది. నడుములో నరం వేరు నొక్కుకుంటే తీగ తెగినట్టు, తట్టినా కాలు సరిగా కదలదు. అదే వెన్నుపాము నొక్కుకుంటే పైనుంచి వచ్చే బ్రేకు పోతుంది, కాలు ఎగిరిపడుతుంది. బాబాయి కాలు ఎగిరింది. అంటే నొక్కుడు పాములో ఉంది. పాము ఉన్నది ఎల్1కి పైన. చేతి వేళ్లు కూడా తడబడుతున్నాయి, అంటే చేతులకు నరాలు పోయే చోటు కన్నా కిందా కాదు. మిగిలింది మెడ. ఆ డాక్టరు ఫిల్ము తెరవకుండానే ఈ లెక్క కట్టేశాడు.

చెప్పు కూడా అదే చెప్పింది. చెప్పులు జారడంలో రెండు రకాలున్నాయి. హవాయి చెప్పును బొటనవేలితో బిగించి పట్టుకోలేక, అది జారుతున్నట్టు తెలుస్తూనే జారితే అది బలహీనత. నడుములో ఎల్5 నరం దెబ్బతిన్నవాళ్లకు బొటనవేలు పైకి లేవదు, పాదం నేలకు టపటపా కొట్టుకుంటుంది. జారినట్టు తెలియకుండా జారితే పాదం స్పర్శ మెదడుకు చేరడం లేదన్నమాట. ఆ కబురు మోసుకుపోయే దారి వెన్నుపాము వెనక భాగంలో ఉంది. మన దేశంలో నరాల డాక్టర్లు "చెప్పు జారుతోందా? జారినట్టు తెలుస్తోందా?" అని అడిగేది అందుకే. బూట్లు వేసుకునే దేశాల్లో ఈ ప్రశ్నకు పెద్దగా పని ఉండదనుకుంటా.

పిన్ని తర్వాత ఇంకోటి చెప్పింది. ఆర్నెల్లుగా ఆయన పప్పన్నం కలుపుకోవడం సరిగా రావట్లేదని స్పూను అడుగుతున్నాడట. షుగర్ వల్ల తిమ్మిరేమో అనుకున్నారు.

సయాటికా దీనికి భిన్నం. అది నడుము వేర్ల జబ్బు. పిరుదులో మొదలై తొడ వెనకగా పిక్క దాటి పాదం దాకా కరెంటు షాకులా లాగుతుంది, దగ్గినా తుమ్మినా పెరుగుతుంది. నడుము కన్నా కాలే ఎక్కువ నొస్తుంది. దీనికి పగిలిన డిస్కే కారణమని 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు గట్టిగా చూపించారు. అంతకుముందు ఆ ముక్కల్ని కణితులనుకుని తీసేవాళ్లు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే సర్దుకుంటుంది.

కానీ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట, అంటే సైకిలు సీటు తగిలే మేర, మొద్దుబారినా ఆ గుర్రపు తోక మొత్తం నొక్కుకుపోతోందని అర్థం. రేపు చూద్దాం అనుకోకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు.

పేర్ల గందరగోళం

మెడ నొప్పి వస్తే "నాకు స్పాండిలైటిస్" అనేస్తాం. దాదాపు ఎప్పుడూ అది స్పాండిలోసిస్, అంటే వయసుతో వచ్చే అరుగుదల. నిజమైన యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ వేరే జాతి. ఇరవైల్లో, ముప్ఫైల్లో మొదలవుతుంది, పొద్దున లేచాక అరగంటకు పైగా నడుము కర్రలా బిగుసుకుంటుంది, విశ్రాంతితో పెరిగి తిరిగితే తగ్గుతుంది. వదిలేస్తే ఏళ్ల మీద పూసలు అతుక్కుని ఎక్స్‌రేలో వెదురు గడలా కనిపిస్తాయి. దానికి మందులున్నాయి, త్వరగా పట్టుకోవాలి. ఇంకోటి స్పాండిలోలిస్థెసిస్: నిజంగా జారేది ఇందులోనే, అదీ డిస్కు కాదు, పూస.

సొరంగమే ఇరుకైతే కెనాల్ స్టెనోసిస్. అరవై దాటినవాళ్లు వంద గజాలు నడిచి కాళ్లు లాగేసి అరుగు మీద కూలబడతారు, రెండు నిమిషాలకు మళ్లీ లేస్తారు. వంగితే సొరంగం కాస్త విప్పారుతుంది. అందుకే వీళ్లు నడవలేరు గానీ సైకిలు తొక్కగలరు.

ఆ ఇరుకుకు మన నేల మీద ఇంకో కారణం ఉంది. నీళ్లు. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బాధితుల ఫోటోలు చూడనివాళ్లు తక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దును బాగా దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పూసల మధ్య పట్టీలు సున్నం పట్టి ఎముకలా గట్టిపడతాయి, సొరంగం లోపలి నుంచి మూసుకొస్తుంది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. దేశంలో ఈ జబ్బును మొదట వైద్య పత్రికకు ఎక్కించింది 1937లో, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే. రైతులు అంతకుముందే ఎడ్లు నడవలేకపోవడం గమనించారట.

పడితే, విరిగితే

వెన్ను విరగడానికి అందరికీ తెలిసిన చోటు నడుము. నిజంగా ఎక్కువగా విరిగేది దానికి కాస్త పైన, టి12, ఎల్1 దగ్గర. వీపు పూసలు పక్కటెముకల బోనులో బిగుసుకుని ఉంటాయి. నడుము పూసలు ఇష్టం వచ్చినట్టు కదులుతాయి. బిగువూ వదులూ కలిసే చోట దెబ్బ నిలుస్తుంది. తాటిచెట్టు మీద మోకు జారి కింద పడ్డ గీత కార్మికుడు మడమల మీదో పిరుదుల మీదో పడతాడు. ఆ బరువంతా ఎల్1 మీదికొచ్చి పూస పగిలి, ముక్కలు వెనక్కి సొరంగంలోకి దూసుకుపోతాయి. పాము చివరి కొస ఉన్నదీ అక్కడే.

అప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని చంకల్లో చేతులేసి లేపి, మంచినీళ్లు పట్టి, ఆటోలో కూర్చోబెట్టడం. విరిగిన పూస పామును కోసేది కొన్నిసార్లు ఈ లేపడంలోనే. పడ్డ మనిషి "కాళ్లు తెలియట్లేదు" అన్నా, మెడా వీపూ నొస్తున్నాయన్నా కదపకుండా 108 కోసం ఆగాలి. అది రాని చోటైతే నలుగురు కలిసి, తలా మెడా నడుమూ ఒకే గీతలో ఉండేలా దుంగను దొర్లించినట్టు దొర్లించి చెక్క తలుపు మీదికి చేర్చాలి. నులక మంచం పనికిరాదు, మధ్యలో కుంగుతుంది.

మెడలో దెబ్బ ఎంత పైన తగిలితే అంత ప్రమాదం. ఊపిరి పీల్చే కండరానికి నరాలు సి3, సి4, సి5 నుంచి వస్తాయి. వెన్ను దెబ్బకు కాళ్లు చచ్చుబడినవాళ్లు కూడా ఒకప్పుడు ఎక్కువ రోజులు బతికేవాళ్లు కాదు. చంపింది వెన్ను కాదు, పడకపుండ్లూ మూత్రంలో చీమూ. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ రెండేసి గంటలకు రోగిని ఒత్తిగిలించడం అనే మొరటు నియమంతో ఆ లెక్క మార్చాడు. 1948లో అదే ఆసుపత్రి పచ్చికలో చక్రాల కుర్చీలవాళ్లకు విలువిద్య పోటీ పెట్టాడు. ఇప్పటి పారాలింపిక్స్ మొదలు అదే.

పడకుండానే విరిగే పూసలూ ఉన్నాయి. నెలసరి ఆగిన తర్వాత ఎముక గుల్లబారిన ఆడవాళ్లకు నిండు బిందె ఎత్తినా, బస్సు గతుకులో ఎగిరిపడ్డా పూస ముందువైపు నలిగిపోతుంది. రెండుమూడు అలా నలిగితే మనిషి పొట్టి అవుతుంది, వీపు ముందుకు వంగుతుంది. "ముసలితనం కదా" అని వదిలేసే గూని వెనక కొంతమందిలో ఎవరూ చూడని ఫ్రాక్చర్లుంటాయి.

గూనికి ఇంకో కారణం క్షయ. ఊపిరితిత్తుల్లోదే వెన్నులోకీ వస్తుంది. 1779లో పెర్సివాల్ పాట్ అనే ఇంగ్లీషు సర్జన్ వర్ణించాడు కాబట్టి పాట్స్ జబ్బంటారు. రాత్రిళ్లు పెరిగే నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది మామూలు నడుము నొప్పి కాదు. చాలామందికి మందులతోనే నయమవుతుంది, ఆ మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

బాబాయి మెడ ఫిల్ములో సి5-సి6 దగ్గర సొరంగం బాగా ఇరుకై, పాము పక్కకు నొక్కిన రబ్బరు గొట్టంలా కనిపించింది. మెడ ఆపరేషన్ చేశారు. ఉన్నది ఇంకా పోకుండా ఆపడానికే, పోయింది ఎంత తిరిగొస్తుందో చెప్పలేనని డాక్టరు ముందే అన్నాడు. ఏడాది అయింది. గుండీలు తనే పెట్టుకుంటాడు. పప్పన్నం చేత్తోనే కలుపుతాడు, కాస్త నెమ్మదిగా. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాడు, కళ్లు మూసుకుని నిలబడమంటే తూలతాడు.

నడుము నొప్పి అలాగే ఉంది, ఎల్4-ఎల్5 బల్జూ అలాగే ఉండి ఉంటుంది. ఆ పెద్ద ఫిల్ము కవరు బీరువా మీద దుమ్ము పట్టింది. వెనక బెల్టున్న చెప్పులు కొనిచ్చాం. అయినా ఆయన బయటి నుంచి రాగానే పిన్ని ముందు చూసేది సంచీ వైపు కాదు, పాదాల వైపు.